క్యారియర్‌తో పోయిన మాటలు

కోయంబత్తూరు పక్కన తుడియలూరులో ఒక పంపుల కార్ఖానా. అన్న నడిపే పంపు షెడ్డుకూ తమ్ముడు నడిపే మోటార్ షెడ్డుకూ నడుమ గోడ, గోడను ఆనుకొని సామాన్ల గది. మధ్యాహ్నం మూడు దాటింది. అన్న భార్య సౌందరం అన్నం క్యారియర్లు కడుగుతోంది. ఆమె మరిది కూతురు కృత్తిక గుమ్మానికి అడ్డంగా స్టూల్ వేసుకుని కూర్చుంది.

“అట్లా కాదు పెద్దమ్మా. ‘ఏమో చెప్పినాడు’ అంటే చాలదు. లారీ పోయే ముందరి బుధవారం మోటార్ షెడ్డులో నరేన్ మీతో ఏం చెప్పినాడో, ఆ మాట కావాలి నాకు.”

“ఎన్ని తూర్లు అడుగుతావు అమ్మణీ? సరి అన్నాడు. అంతే. సరి అని చెయ్యి కడుక్కోను పోయినాడు.”

“సరి అన్నాడా?”

“సరి అన్నాడు.”

“వాడు నా తమ్ముడు పెద్దమ్మా. ఇరవై ఆరేళ్లలో వాడు ఒక్క మాటతో ఆపింది నేను చూడలే.”

“ఆ పొద్దు ఆపినాడు. ఆకలేసిందేమో. అది ఉండనీ, ఆ సెల్లు ఎందుకు బోర్లా పెట్టినావు? రికార్డు చేస్తా ఉండావా?”

“లేదు.”

“లేకుంటే ఇట్లా తిప్పి పెట్టు. నాకు కనబడేటట్టు.”

“ఇదో, తిప్పినాను. ఆఫ్ చేయమంటే ఆఫ్ చేస్తాను.”

“చేయి.”

“చేసినాను. ఇప్పుడు చెప్పండి.”

“ఏం చెప్పేది? ఇది చూడు. నేను కడిగేది మీ పెద్దనాయన క్యారియర్. అదో, అది మీ నాయన షెడ్డుది. మూత కూడా తీయలే. పప్పు కలిపి వండిన అరిసి పరుప్పు అన్నం, పైన నెయ్యి, నరేనుకని విడిగా రెండు అప్పళాలు. పెట్టినవి పెట్టినట్టే తిరిగి వచ్చినాయి. ఎవరిమీదో కోపం అన్నం మీద చూపిస్తారా?”

“కోపం కాదు. నాలుగు గంటలకు వాడి మీద పోలీస్ కంప్లెయింట్ ఇయ్యబోతా ఉండారు. ఇచ్చేది సొంత పెద్దనాయన. అన్నం ఎట్లా దిగుతుంది వాడికి?”

“మీ పెద్దనాయన అనేదాంట్లో తప్పేముండాది? అన్నూరు తోటలకు పోయిన పంపులు నలభై. నలభైకి నలభై కాలిపోయినాయి, ఇరవై రోజులు తిరక్కుండానే. వేరే ఊర్లకు పోయినవన్నీ బాగా నడుస్తా ఉండాయి. కాలిన నలభై మోటార్ల మీదా ఎర్ర చుక్క ఉండాది. చుక్క పెట్టింది నరేను. వాడే ఒప్పుకొన్నాడు. ఏవి కాలిపోతాయో ముందే ఎవడికి తెలుస్తుంది? చెరిచినవాడికే కదా?”

“లేకుంటే ముందే కనిపెట్టినవాడికి.”

“కనిపెట్టినవాడు నోరు తెరిచి చెప్తాడు కదా.”

“నేను అడిగేదీ అదే పెద్దమ్మా. చెప్పినాడా, లేదా?”

“మళ్లీ మొదటికి వచ్చినావు.”

“మళ్లీ మళ్లీ వస్తాను. నాకు ఇంకో పని లేదు ఈ పొద్దు.”

“నీ పని ఏందో ఇక్కడ ఎవరికీ అర్థం కాలే. మూడు రోజులుగా రెండు షెడ్లలోనూ తిరగతా ఉండావు. ఊడ్చే వీరాయి కూడా అడిగింది, ‘చిన్నమ్మణి పంపు చేస్తుందా, మోటార్ చేస్తుందా’ అని. ఏదీ చేయదు, ఊరికే చూస్తుంది అని చెప్పినాను.”

“సరిగ్గానే చెప్పినారు. బెంగళూరులో రైలు సిగ్నల్ కంపెనీలో కూడా నేను ఏ సామానూ చేయను. ఒకరు చేసింది ఇంకొకరు చేసినదానితో కలుస్తుందా లేదా అని చూస్తాను. సిస్టమ్స్ ఇంజినీర్ అంటే అదే.”

“పెండ్లి బ్రోకర్ మాదిరి.”

“అట్లే అనుకోండి. పిల్లోడు మంచివాడు, పిల్ల మంచిది. ఇద్దరూ ఒక ఇంట్లో నిలుస్తారా అనేది నా లెక్క.”

“చూసినావా మరి? నిలిచినారా?”

“ఐదు మోటార్లు విప్పినాను. నాయన చుట్టించిన తీగలో తప్పు లేదు. అది కాలింది చివర్న. మొదట పోయింది అడుగున ఉండే బేరింగ్. పంపు బరువంతా దాని మీదే కదా కూర్చునేది, అది పొడి పొడి అయింది. పంపులు కూడా విప్పినాను. వాటిలోనూ తప్పు లేదు. పెద్దనాయన పోత అద్దం మాదిరి ఉండాది. కానీ పది స్టేజులు ఉండాల్సిన చోట పన్నెండు ఉండాయి.”

“అన్నూరులో నీళ్లు అడుగుకు పోయినాయమ్మా. బోరు లోతు చేసినారు. పది చక్రాలతో అంత లోతు నుంచి నీళ్లు ఎక్కవు. అందుకే ఇంకో రెండు చక్రాలు వేసినారు.”

“ఇది మీకు ఎట్లా తెలుసు?”

“ఎట్లా తెలుసా? పన్నెండు అని మోటార్ షెడ్డులో చెప్పిందే నేను. ఆ బుధవారానికి ముందు సోమవారం మీ పెద్దనాయన చెప్పమన్నాడు, నేను పోయి చెప్పినాను. ఒక్క మాట మింగలే.”

“మంచిది. రెండు చక్రాలు ఎక్కువైతే కిందికి తోసే బరువు పెరుగుతుంది. పాత బేరింగ్ ఆగదు, కొంచెం పెద్దది వేయాలి. నరేనుకు అది నిద్రలో లేపి అడిగినా తెలుసు. అది తెలిసినవాడు బుధవారం మీతో ‘సరి’ అన్నాడు.”

“కొంజం రసం తాగుతావా? వెచ్చగానే ఉండాది.”

“వద్దు.”

“బక్కగా అయిపోయినావు. బెంగళూరులో ఏం తింటావో.”

“రసం వద్దు పెద్దమ్మా. ఒకటి అడుగుతాను. ఈ కార్ఖానాలో పంపునూ మోటారునూ కలిపి ఎక్కడ నడిపి చూస్తారు?”

“వెనకాల తొట్టి ఉండాది కదా. మీ తాత కట్టించినాడు.”

“ఉండాది. దాంట్లో వీరాయి ఆకుకూర పెంచుతా ఉండాది.”

“ఆకుకూర పెంచితే తప్పా? ఖాళీగా పడి ఉండింది.”

“ఎన్నాళ్లుగా ఖాళీ?”

“నీకు తెలియదా? మీ నాయనకూ మీ పెద్దనాయనకూ మాటలు పోయినప్పటి నుంచి. తొట్టి ఇద్దరిదీ. ఒకరు నీళ్లు నింపితే ఇంకొకరు రారు. పంపును ఈ షెడ్డులో ఒక పాత మోటార్‌కు తగిలించి చూస్తారు. మోటార్‌ను ఆ షెడ్డులో పంపు లేకుండానే తిప్పి చూస్తారు. రెండూ పాసయితే గోడ పక్క గేటు దగ్గరికి తెస్తారు. మాణిక్కం రెండూ జోడించి లారీ ఎక్కిస్తాడు. పదకొండేళ్లుగా అట్లే జరుగుతా ఉండాది, ఏం చెడింది?”

“నలభై బోర్లు చెడినాయి.”

“అది నరేను— ఉండు, మీ పెద్దనాయన వస్తా ఉండాడు.”

“ఏమే సౌందరం! వేల్‌మురుగన్ వచ్చినాడా? కంప్లెయింట్ ఎట్లా రాయాలో వాడికి చెప్పాల్సింది ఉండాది.”

“ఇంకా రాలేదండీ. లాయరు కదా, నిదానంగానే వస్తాడు. మీరు ఎందుకు లేచి వచ్చినారు?”

“గొంతులు వినబడినాయి. ఓ, నీవా అమ్మణీ. ఇంకా విచారణ అవలేదా?”

“అవుతా ఉండాది పెద్దనాయనా. ఒక్క రోజు ఆగండి. రేపు తొట్టి శుభ్రం చేయించి, పంపూ మోటారూ కలిపి మీ కళ్ల ముందర నడిపిస్తాను. ఎందుకు కాలిందో మీరే చూస్తారు.”

“ఒక రోజా? ఆ ఒక రోజులో నీ తమ్ముడు దిండిగల్ బస్సెక్కుతాడు. అక్కడ ఎవరో పంపుల కంపెనీ పెట్టినారంట, వాణ్ణి రమ్మని పిలిచినారంట. నాకు తెలియదనుకున్నావా? మన పంపు చెడితే ఎవరికి లాభం?”

“వాడు దానికి రానని చెప్పేసినాడు.”

“నీకు వాడు చెప్పినాడు. సరిగ్గా లారీ పోయే మూడు రోజులు జ్వరమని ఇంట్లో పడుకున్నాడు కదా, అదీ వాడే చెప్పినాడు.”

“నూట రెండు డిగ్రీలు పెద్దనాయనా. నేను వీడియో కాల్‌లో చూసినాను.”

“కాల్‌లో జ్వరం కనబడుతుందా? ఏమో, నీ చదువు వేరే. ఇదో చూడు అమ్మణీ, నాకు వాడు వేరే కాదు. నా భుజం మీద పెరిగినాడు. అందుకే కడుపు మండుతా ఉండాది. అన్నూరులో ఇరుళాయి అని ఒక ముసలామె. నాలుగెకరాల అరటి తోట. నిన్న ఫోన్ చేసి ఒక మాట కూడా తిట్టలే. ‘సామీ, చెట్లు వంగిపోతా ఉండాయి’ అనింది. అంతే. పంపు మీద మీ తాత పేరు రాసి అమ్మినాను నేను. రాత్రి కళ్లు మూసుకుంటే ఆ మాటే.”

“నాకూ అదే బాధ పెద్దనాయనా. నరేన్ పన్నెండు స్టేజులకు ఈ బేరింగ్ ఆగదని బుధవారమే చెప్పి పంపినానంటాడు. లారీ ఎక్కించొద్దని గుర్తుకే ఆ నలభైకీ ఎర్ర చుక్క పెట్టినానంటాడు.”

“ఎవరితో చెప్పి పంపినాడు?”

“పెద్దమ్మతో.”

“అదో, అక్కడే వాడు దొరికినాడు. చెప్పి ఉంటే మీ పెద్దమ్మ నాకు చెప్పి ఉంటుంది. ఏమే, చెప్పినాడా?”

“…సరి అన్నాడని అప్పుడే చెప్పినాను కదండీ.”

“విన్నావా? ముప్పై ఎనిమిదేళ్ల కాపురం అమ్మణీ. ఆమె ఒక అబద్ధం నాతో చెప్పలే. ఆ షెడ్డాయనతో నాకు మాట లేకపోయినా ఈ కార్ఖానా నడుస్తా ఉండాదంటే ఆమె వల్ల. లోకమంతా వచ్చి నరేను మంచివాడని చెప్పనీ, నేను వినను. మీ పెద్దమ్మ చెప్తే వింటాను. వేల్‌మురుగన్ వస్తే లోపలికి పంపు సౌందరం. నాలుగుకు సంతకం పెట్టాలి.”

“పంపుతానండీ.”

“…పోయినారు.”

“విన్నావు కదా అమ్మణీ. ఇంక లేయి. గుమ్మం వదులు.”

“విన్నాను. మీరు చెప్తే వింటానన్నారు. అందుకే లేయను.”

“ఏందే ఇది? పెద్దంతరం చిన్నంతరం లేదా?”

“తప్పుగా అనుకోవద్దు. మాణిక్కం నాతో ఒకటి చెప్పినాడు. లారీ ఎక్కించేటప్పుడు మోటార్ల మీద చుక్క చూసి, ‘ఇదేంది అమ్మగారూ, ఎర్రగా ఉండాది’ అని మిమ్మల్ని అడిగినాడంట.”

“అడిగి ఉంటాడు.”

“మీరేం చెప్పినారు?”

“ఏమో. జ్ఞాపకం లే.”

“ఆయనకు ఉండాది.”

“…రంగు చింది ఉంటుందని చెప్పినాను.”

“నలభై మోటార్ల మీద, ఒకే తావులో, రూపాయి బిళ్ల అంత?”

“నాకేం తెలుసు? నేను అన్నం పెట్టేదాన్ని. మోటార్ల గురించి ఇంటి ఆడదానికి ఏం తెలుస్తుంది?”

“అది చెప్పొద్దు పెద్దమ్మా. ఇప్పుడే కదా పది చక్రాలతో ఎందుకు నీళ్లు ఎక్కవో నాకు పాఠం చెప్పినారు. నాయనకు పంపు గురించి ఏం తెలియదు. పెద్దనాయనకు కొత్త మోటార్ గురించి ఏం తెలియదు. ఈ కార్ఖానాలో మొత్తం సెట్టు తెలిసిన మనిషి ఒకరే. ఆ మనిషి కూర్చోను కుర్చీ కూడా లేదు, నిలబడి క్యారియర్లు కడగతా ఉండాది.”

“…ఐసు పెట్టొద్దు.”

“ఐసు కాదు. నిజం.”

“నిజమే. అయితే ఏమి? ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడరు. మీ అవ్వ చనిపోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చెప్పింది, కొట్టుకున్నా తిట్టుకున్నా కార్ఖానాలో మధ్యాహ్నం అన్నం పెద్దింటి పొయ్యి నుంచే పోవాలి అని. అన్నంతో పాటు మాటా పోతా ఉండాది. ‘వదినా, ఆయనకు చెప్పు, షాఫ్ట్ రెండు నూలు పొడుగుండాది.’ ‘సౌందరం, ఆ షెడ్డాయనకు చెప్పు, కేబులు మార్చమని.’ వినీ వినీ తెలుసుకున్నాను. ఎవరూ నేర్పలే.”

“వాళ్లు తిట్టుకుంటే అదీ చెప్తారా?”

“పిచ్చిదానివా? తిట్టు తీసేసి పని చెప్తాను. ‘ఆ ముసలివాడికి కళ్లు పోయినాయా’ అంటే, ‘కొలత ఒకసారి చూడమన్నాడండీ’ అంటాను. లేకుంటే ఈ కార్ఖానాకు ఎప్పుడో తాళం పడి ఉంటుంది.”

“నేనూ మొదట అట్లే అనుకున్నాను. నరేన్ ఏదో కోపంగా అని ఉంటాడు, మీరు తిట్టు తీయబోయి దాంతో పాటు బేరింగ్ మాట కూడా తీసేసి ఉంటారు అని.”

“ఆమా! అట్లే జరిగి ఉంటుంది. వాడికి నోటి దురుసు కదా. అట్లే రాసుకో నీ రిపోర్టులో.”

“రాసే ముందర పరీక్ష చేసినాను.”

“దేన్ని?”

“దోవను. మా పనిలో అట్లే చేస్తాము పెద్దమ్మా. ఒక తీగ పని చేస్తుందో లేదో తెలియకపోతే, ఇటు నుంచి ఒక సిగ్నల్ పంపి అటు ఏం వచ్చిందో చూస్తాము. నేను వచ్చినప్పటి నుంచి నాయన మీతో నాలుగు మాటలు చెప్పి పంపినాడు. నేనే పంపమన్నాను. సాయంత్రం పెద్దనాయనతో టీ తాగతా, ఏం చేరిందో మెల్లగా అడిగినాను.”

“నన్నా? నన్ను పరీక్ష చేసినావా నువ్వు? నీకు జడ వేసిన చెయ్యి ఇది.”

“తెలుసు. మొదటి మాట: కేబులు సైజు మార్చినాము అని. అది సరిగ్గా చేరింది. రెండోది: ‘నీ పోత మన్ను నా షెడ్డులో పోయొద్దని ఆ మొండివాడికి చెప్పు.’ ‘మన్ను ఇటు రాకుండా చూడమన్నాడు’ అని చేరింది. తిట్టు పోయింది, పని మిగిలింది. మీరు చెప్పినట్టే.”

“అదే కదా చెప్తా ఉండాను!”

“మూడోది. ‘అన్న పోత మాదిరి కోయంబత్తూరు మొత్తంలో ఎవరూ పోయలేరు అని చెప్పు వదినా.’ నాయన మొదట ఒప్పుకోలే. మనసులో ఉండేది చెప్పడానికి ఏం సిగ్గు అని నేను పట్టుబట్టినాను. చెప్పేటప్పుడు ఆయన మీ మొహం చూడకుండా క్యారియర్ మూత బిగించినాడు. మీరు చూసినారు. అది చేరలే పెద్దమ్మా.”

“మరిచిపోయినాను.”

“నాలుగోది. ‘శనివారం తొట్టి దగ్గరికి రమ్మను, ఇద్దరం కలిసి నడిపి చూస్తాము.’ అదీ చేరలే.”

“వయసు అయింది నాకు. అన్నీ జ్ఞాపకం ఉంటాయా?”

“కేబులు సైజు జ్ఞాపకం ఉండింది, మిల్లీమీటర్లతో సహా. తిట్టు తీసేసినారు, సరి, ఇల్లు నిలబడాలని. మెచ్చుకోలు ఎందుకు తీసేసినారు? దాంట్లో ఏం చెడు ఉండింది?”

“గుమ్మం వదులు.”

“పని మాట అయితే పోతుంది. వాళ్లిద్దరినీ దగ్గర చేసే మాట ఏది వచ్చినా మీ దగ్గరే ఆగిపోతా ఉండాది. నాలుగిట్లో అట్లే జరిగింది. బుధవారం నరేన్ చెప్పింది కూడా ఉత్త బేరింగ్ మాట కాదు కదా?”

“…కాదు.”

“ఏం చెప్పినాడు?”

“మెల్లగా మాట్లాడు.”

“ఏం చెప్పినాడు పెద్దమ్మా?”

“బేరింగ్ మార్చాలి, పది రోజులు పడుతుంది, అంతవరకు ఈ నలభై కదలకూడదు అన్నాడు. నేను చెప్తాను అన్నాను. చెప్పి కూడా ఉంటాను, ఒట్టు. కానీ అంతటితో ఆపలే వాడు. నీవన్నట్టు, ఒక్క మాటతో ఎప్పుడు ఆపినాడు? ‘ఇది క్యారియర్‌తో తేలేది కాదు పెద్దమ్మా. పెద్దనాయననే తొట్టి దగ్గరికి రమ్మను. నాయనను నేను తీసుకొస్తాను. ఇద్దరూ ఎదురుగా నిలబడి తేల్చుకోనీ’ అన్నాడు. రెండు మాటలూ ఒకటిగా కట్టి ఇచ్చినాడు. ఒకటి చెప్పి ఒకటి దాచితే, బేరింగ్ ఎందుకు మార్చాలని మీ పెద్దనాయన వాణ్ణే పిలిచి అడుగుతాడు, తొట్టి మాట బయటపడుతుంది. ఏం చేసేది? సరి అన్నాడని చెప్పేసినాను. వాడు వచ్చి అడిగేలోపల జ్వరంతో పడుకున్నాడు. మీ పెద్దనాయన పంపు ఎప్పుడూ నడిచింది కదా, ఇదీ నడుస్తుంది, ఒక బేరింగ్‌తో ఏమవుతుంది అనుకున్నాను.”

“నలభై కాలిపోయినాక?”

“భయమేసింది.”

“నరేన్ పేరు చెప్పినప్పుడు?”

“అంతకంటే భయమేసింది. ఎందుకు అట్లా చూస్తావు? నేను రాక్షసినా? వాడికి మొదటి ముద్ద పెట్టింది నేను. ఈ పొద్దు ఆ క్యారియర్ బరువు తగ్గకుండా తిరిగి వస్తే, దాన్ని పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయినాను. అప్పళాలు విరగకుండా అట్లే ఉండాయి…”

“ఏడవొద్దు పెద్దమ్మా. ఇట్లా ఇయ్యండి, నేను కడుగుతాను.”

“వద్దు. నీ రిపోర్టులో నా పేరు రాస్తావా?”

“మనిషి పేరు రాయను. రెండు షెడ్లు, నడుమ ఒక్కటే దోవ, కలిపి చూసే తావు లేదు. అది రాస్తాను. నరేన్ లారీని ఆపలేకపోయినాడు, నాయన అడగలే, పెద్దనాయన వినలే, మాణిక్కం చుక్క చూసి కూడా ఎక్కించేసినాడు. ఒకరి తప్పు కాదు అది. కానీ రిపోర్టు రేపటికి. కంప్లెయింట్ నాలుగుకు. ఇప్పుడు మూడు నలభై. పెద్దనాయన మీ నోట తప్ప ఇంకెవరి నోట వచ్చినా వినరు.”

“అవును. ఆయన నా మాట వింటాడు. అది నీకు పెద్ద విషయం కాదు. చదువుకున్నావు, ఆఫీసులో నీ మాట పదిమంది వింటారు. నేను ఈ ఇంటికి వచ్చి ముప్పై ఎనిమిదేళ్లు. మొదటి ఇరవై ఏడేళ్లు ఈ గేటు లోపలికి వచ్చేదాన్ని, క్యారియర్ పెట్టేదాన్ని, పోయేదాన్ని. ఉప్పు చాలలేదని తప్ప ఒక్కరు ఒక్క మాట అడగలే. పాత పనివాడు ముసలి కన్నన్‌ను పనిలోనుంచి తీసేసిన దానికి గొడవ అయింది చూడు, పదకొండేళ్ల కింద. మీ నాయన పనివాళ్ల ముందర ఆయన్ను ఏమేమో అనేసినాడు. రెండో రోజు అన్నం తీసుకుని వచ్చినాను. మీ పెద్దనాయన కుర్చీ లాగి ‘కూర్చో సౌందరం’ అన్నాడు. ‘ఆ షెడ్డులో ఎన్ని మోటార్లు అయినాయి? నీకేం అనిపిస్తుంది?’ అని అడిగినాడు. నాకేం అనిపిస్తుంది! ఆ మాట వినే వరకు నాకు ఏదైనా అనిపిస్తుందని నాకే తెలియదు అమ్మణీ. చేతిలో గరిటె అట్లే ఉండింది.”

“అర్థమవుతా ఉండాది పెద్దమ్మా.”

“ఎంత అర్థమయిందో. సరి, లేయి. పోతాము.”

“చెప్తారా?”

“చెప్తాను. నరేనును స్టేషన్‌కు పోనీయను. వాడు చెప్పింది చెప్పినట్టే చెప్తాను, తొట్టి మాటతో సహా. ఆ తువ్వాలు ఇట్లా ఇయ్యి, మొహం తుడుచుకుంటాను.”

“భయపడొద్దు. పెద్దనాయన కోప్పడతారు, తిడతారు. ఆ తర్వాత సర్దుకుంటారు. లేచి నేరుగా గోడ అవతలికి పోతారేమో. పోనీయండి, మంచిదే కదా? తమ్ముడి కొడుకు గురించి తమ్ముడితోనే మాట్లాడాల్సి వస్తుంది.”

“అదే నా భయం.”

“ఇంక దేనికి భయం? బేరింగ్ సంగతి మీరే చెప్పేస్తారు కదా. అడగడానికి ఏం మిగులుతుంది?”

“వాళ్లు ఎదురుపడితే మొదట అడిగేది బేరింగ్ గురించి కాదు పాపా. ‘నేను చెప్పి పంపినదానికి ఎందుకు బదులు ఇయ్యలే’ అని. ఇద్దరూ అదే అడుగుతారు.”

“ఇద్దరూనా? ఏం చెప్పి పంపినారు?”

“మన్నించమని. గొడవైన ఐదో రోజు పొద్దున మీ నాయన చెప్పి పంపినాడు, అది తెలియకుండానే మధ్యాహ్నం మీ పెద్దనాయన చెప్పి పంపినాడు. నేను ఇద్దరికీ ఒకే బదులు తెచ్చి ఇచ్చినాను అమ్మణీ, ‘విన్నాడు, ఏమీ అనలే’ అని.”